కర్ణాటక మిషన్: సన్యాసి నియమం, సహజమైన కరుణ

క్రైస్తవ నైతిక జీవనంలో ఆత్మనిగ్రహానికీ సహజ ప్రవృత్తికీ ఉన్న సంబంధాన్ని సాధారణంగా ఐరోపా వేదాంతుల రచనల ఆధారంగా చర్చిస్తారు. అయితే 18వ శతాబ్ది ఆరంభంలో ఇదే ప్రశ్న మన రాయలసీమలో రోజువారీ ఆచరణకు సంబంధించిన సమస్యగా ముందుకు వచ్చింది. అందుకు కారణం ఫ్రెంచి జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషన్.

ముందుగా సిద్ధాంతాన్ని క్లుప్తంగా చూద్దాం. ఆది పాపం వల్ల మనిషి కోరికలే దారి తప్పాయని సెయింట్ అగస్టీన్ భావించాడు. 13వ శతాబ్దికి చెందిన థామస్ అక్వినాస్ అంత దూరం పోలేదు. ఆకలి, కోపం, జాలి తమంతట తాము పాపాలు కావు, వాటిని వివేకం నడిపించాలి అన్నాడు. జెస్యూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా యౌవనంలో తీవ్రమైన ఉపవాసాలతో ఆరోగ్యం చెడగొట్టుకున్నాడు. ఆ అనుభవం వల్ల తన సంఘ సభ్యులకు నిర్బంధ తపస్సులేవీ విధించలేదు.

అలాంటి సంఘానికి చెందినవారే ఇక్కడికి వచ్చి కఠోర సన్యాసులయ్యారు. పుదుచ్చేరి నుంచి బయలుదేరిన ఈ మిషన్ 1700 తరువాత పుంగనూరులో స్థిరపడి, చిక్కబళ్లాపురం, కృష్ణాపురం వంటి కేంద్రాలతో అనంతపురం సీమకు విస్తరించింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఈ సీమలోనివే. పియర్ మొదుయి, ఎతియెన్ లెగాక్ వంటి గురువులు మధురలో రాబర్ట్ ది నొబిలి వేసిన బాటలో కాషాయం కట్టారు. మాంసం, చేపలు, గుడ్లు విడిచారు. పూజలో తప్పనిసరైన ద్రాక్షారసం మినహా మద్యం ముట్టలేదు. రోజుకు ఒక్కపూట భోజనం.

ఈ వేషానికి కారణం స్థానికమైనది. పెనుకొండలో పార్శ్వనాథ బసది ఉంది, బాబయ్య దర్గా ఉంది. ఊరూరా జంగములు, దాసరులు తిరిగేవారు. నోరు కట్టుకోలేనివాడి బోధను ఈ ప్రజలు వినరు. మరోవైపు వట్టి వేషాన్ని ఎగతాళి చేసిన వేమన సంప్రదాయమూ ఈ సీమదే. కాబట్టి వేషం ఒక్కటే చాలదు, నియమం నిజంగా పాటించవలసిందే.

ఇక్కడ ఒక విచిత్రాన్ని విద్యార్థులు గమనించాలి. ఫ్రాన్సులో పాస్కల్ 1656–57 నాటి తన లేఖలలో జెస్యూట్లు మానవ బలహీనతలకు మరీ సులువుగా మినహాయింపులిస్తారని దుయ్యబట్టాడు. ఆ నింద అక్కడ ఇంకా చల్లారకముందే, అదే సంఘం వారు ఇక్కడ కూర, అన్నంతో ఒక్కపూట గడుపుతున్నారు.

అయితే అసలు చిక్కు తిండి దగ్గర రాలేదు. సన్యాసి నియమంతోపాటు అగ్రకులాల ఆచారమూ వచ్చిపడింది. అస్పృశ్యులుగా చూసిన కులాల ఇళ్లకు గురువు బాహాటంగా వెళితే పైకులాల వారి దృష్టిలో అతడు సన్యాసిగా మిగలడు. మరణశయ్య మీద ఉన్న రోగి దగ్గరకు పరుగెత్తడం సహజమైన ప్రవృత్తి, క్రైస్తవ ధర్మం కూడా. ఇక్కడ నిగ్రహించవలసి వచ్చింది ఆకలిని మాత్రమే కాదు, కరుణను కూడా. నా అభిప్రాయంలో కర్ణాటక మిషన్ చరిత్రలో అతి ముఖ్యమైన నైతిక ప్రశ్న ఇదే. దీన్ని కేవలం మతాచారాల వివాదంగా బోధించడం వల్ల దాని బరువు తగ్గిపోతోంది.

చైనాకు వెళుతూ పుదుచ్చేరిలో ఆగిన పోపు ప్రతినిధి తూర్నోన్ 1704 జూన్‌లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. విభూతి, తాళి, పెళ్లి తంతులు, స్నానాచారాలపై ఆంక్షలతోపాటు, పరయాల వంటి కులాల రోగుల ఇళ్లకు వెళ్లి సంస్కారాలు ఇవ్వడానికి గురువులు నిరాకరించరాదని అందులో స్పష్టం చేశాడు. జెస్యూట్లు అభ్యంతరం చెప్పారు. ఈ ఇళ్లలో అడుగుపెడితే పైకులాల విశ్వాసులు దూరమవుతారు, ఏళ్ల శ్రమ నేలపాలవుతుంది అన్నది వారి వాదం. ఆ భయం కల్పితం కాదు. కృష్ణాపురంలో లెగాక్‌కు దాసరుల ప్రతిఘటన తప్పలేదు.

నాలుగు దశాబ్దాల వాదోపవాదాల తరువాత 1744లో పోపు 14వ బెనెడిక్ట్ తుది శాసనం వెలువరించాడు. జెస్యూట్లే సూచించిన ఒక సర్దుబాటును అందులో అంగీకరించాడు. అణగారిన కులాల సేవకు కొందరు గురువులను ప్రత్యేకంగా కేటాయించాలి. ఆ విధంగా కరుణ చూపే పని ఒక వర్గానికి, నియమం నిలిపే పని మరొక వర్గానికి పంచి ఇచ్చినట్లయింది. ఇది పూర్తిగా వేళ్లూనకముందే, 1773లో జెస్యూట్ సంఘాన్నే పోపు రద్దు చేశాడు.