జయము తరువాతి ఏడాది: న్యూయార్కు సిటీ కాలేజి జట్టు కథ

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పినారు. రచ్చ గెలిచి వచ్చినవాని గతి ఏమగునో ఆ సామెత చెప్పదు. గెలుపు కొరకు పడిన పాట్లను చరిత్రకారులు విరివిగా వ్రాయుదురు. గెలిచిన మరుసటి ఏడాదిని గూర్చి వ్రాయువారు తక్కువ. ఐనను మనుష్యుల బలాబలములును, వారిని నడపు సంఘము తీరును తేటపడునది తరచుగా ఆ రెండవ ఏటనే. అమెరికాలో ఒక కళాశాల బాస్కెట్‌బాల్ జట్టునకు 1950లో లభించిన కీర్తియు, 1951లో కలిగిన పతనమును ఇందుకు నిదర్శనములు. ఆ కథను మనము కొంచెము నిదానముగా పరిశీలింతము.

న్యూయార్కు నగరములోని సిటీ కాలేజి 1847లో ప్రజల సొమ్ముతో స్థాపింపబడినది. మొదట దాని పేరు ఫ్రీ అకాడమీ. పేరునకు తగినట్లే అచ్చట చదువునకు జీతము పుచ్చుకొనెడివారు కారు. ఆ ఏర్పాటు 1976 వరకు నడచినది. ఐరోపా నుండి వలస వచ్చిన యూదుల బిడ్డలు, కుట్టుపనివారి కుమారులు, చిల్లర వర్తకుల కుమారులు, తరువాతి కాలమున హార్లెము ప్రాంతపు నల్లజాతి యువకులు అచ్చట చదువుకొని ఉపాధ్యాయులు, వైద్యులు, శాస్త్రజ్ఞులు అయిరి. సంపన్నుల విశ్వవిద్యాలయములు బీదలకు తలుపు ఓరగా మాత్రమే తెరచిన దినములలో ఆ కుటుంబములకు ఆ కళాశాలయే దిక్కు. కనుక దాని గౌరవము వారి ఇంటి గౌరవమే.

బాస్కెట్‌బాల్ క్రీడను 1891లో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు కల్పించెను. దీనికి విశాలమైన మైదానము అక్కరలేదు. ఒక బంతి, రెండు బుట్టలు, నాలుగు గోడల నడుమ కొంత చోటు చాలును. ఇరుకైన నగర వీథులలో పెరిగిన పిల్లలకు ఇది తమ ఆటయైనది. సిటీ కాలేజి జట్టునకు 1919 నుండి నాట్ హోల్మన్ శిక్షకుడు. ఆయన తన కాలములో పేరుమోసిన ఆటగాడు. 1949–50 సీజనులో ఆయన ఐదుగురిలో ఇర్విన్ డాంబ్రట్ ఒక్కడే చివరి సంవత్సరము విద్యార్థి. ఎడ్ రోమన్, ఎడ్ వార్నర్, ఆల్ రాత్, ఫ్లాయిడ్ లేన్ అను తక్కిన నలుగురును రెండవ సంవత్సరమువారు. ఈ ఐదుగురిలో ముగ్గురు యూదులు, ఇద్దరు నల్లజాతివారు. అట్టి కూర్పు ఆ దేశమున నాడు సామాన్యమైన విషయము కాదు.

ఆ కాలమున కళాశాల జట్లకు రెండు గొప్ప పోటీలు ఉండెడివి. ఒకటి నేషనల్ ఇన్విటేషన్ టోర్నమెంటు. రెండవది జాతీయ కళాశాల క్రీడా సంఘము వారిది. 1950 మార్చిలో సిటీ కాలేజి మొదటి పోటీలో ప్రవేశించినప్పుడు దానిపై పెద్ద ఆశలు పెట్టుకొన్నవారు లేరు. అట్టి జట్టు ఘనత వహించిన కెంటకీ విశ్వవిద్యాలయమును 89–50 తేడాతో చిత్తుచేసినది. తుది ఆటలో, దేశమున ప్రథమస్థానము పొందియున్న బ్రాడ్లీ జట్టును 69–61తో ఓడించినది. పది దినములు గడచినంతలో, మార్చి 28న, రెండవ పోటీ తుది ఆటలోను అదే బ్రాడ్లీ ఎదురు నిలిచినది. ఈసారి 71–68తో సిటీ కాలేజియే గెలిచినది. ఒకే ఏట ఈ రెండింటిని గెలిచిన జట్టు నాటికిని నేటికిని అది ఒక్కటియే. నగరము పండుగ చేసికొన్నది. బడిజీతము లేని కళాశాల బిడ్డలు జగజ్జేతలైరని తల్లిదండ్రులు మురిసిరి. నలుగురు ముఖ్యమైన ఆటగాండ్రు ఇంకను రెండేండ్లు ఆడవలసియుండుటచే రాబోవు సీజను మరింత వెలుగునని అందరును తలచిరి.

ఇచ్చట కొంచెము ఆగి మరియొక వ్యవహారమును తెలిసికొనవలెను. 1934 నుండి కళాశాలల ఆటలు మేడిసన్ స్క్వేర్ గార్డెన్ అను మహా క్రీడాశాలకు తరలినవి. పదునెనిమిది వేలమంది టిక్కెట్లు కొని చూచెడివారు. వారి వెంట పందెముల వ్యాపారులును ప్రవేశించిరి. ఎవరు గెలుతురన్నది ముందే తెలియు ఆటలపై పందెము సాగదు. అందుచే వారొక ఉపాయము పన్నిరి. బలమైన జట్టు పది పాయింట్ల తేడాతో గెలుచునని వ్యాపారి అంచనా కట్టును. ఆ జట్టుపై పందెము కాచినవానికి సొమ్ము రావలెనన్న, అది పదికి మించిన తేడాతో గెలువవలెను. ఆరు పాయింట్లతో గెలిచినచో జట్టు గెలిచినట్లే, పందెము ఓడినట్లే. ఈ సందులోనే లంచము దూరినది. “మిమ్ములను ఓడుమనుట లేదు. గెలువుడు; కొంచెము తక్కువగా గెలువుడు” అని ఆటగాండ్రతో చెప్పుట సులభమైనది. కళాశాలకు నష్టము లేదు గదా యని యువకులు తమ మనస్సునకు సర్దిచెప్పుకొనుటయు సులభమే అయినది.

1950–51 సీజనులో ఈ మాటకు విలువ ఎంతయో తేలిపోయినది. సాల్వటోర్ సొలాజో అను నగల వ్యాపారి, లాంగ్ ఐలాండ్ విశ్వవిద్యాలయపు ఆటగాడైన ఎడ్డీ గార్డ్ ద్వారా సిటీ కాలేజి యువకులను లోబరచుకొనెను. ఒక్కొక్క ఆటకు వేయి డాలర్ల వరకును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ముట్టచెప్పెను. డిసెంబరులో మిస్సోరి జట్టుతో ఆడి సిటీ కాలేజి 37–54తో ఓడినది. అదే నెలలో అరిజోనాతో 38–41, జనవరిలో బోస్టన్ కాలేజితో 59–63. కొంచెము తక్కువగా ఆడుదుమనుకొన్నవారు మూడు ఆటలను మొత్తముగా పోగొట్టుకొనిరి. ఇందు ఆశ్చర్యము లేదు. పూర్ణబలముతో ఆడుటకు ఒక కొలత కలదు. తక్కువగా ఆడుటకు కొలత లేదు. కావలెనని చేతిని మందగింపజేసినవాడు, కావలసిన క్షణమున దానికి మరల వేగము తెప్పింపలేడు. తోడి ఆటగాడు బంతి అందింపనప్పుడు అది పొరపాటో బేరమో తెలియని జట్టు జట్టే కాదు. ఆ ఏడు సిటీ కాలేజి 12 ఆటలు గెలిచి, 7 ఓడినది.

గుట్టు బయటపడుటకు కారకుడు మరియొక కళాశాల విద్యార్థి. మాన్‌హట్టన్ కాలేజి జట్టులో జూనియస్ కెలాగ్ అను నల్లజాతి యువకుడు ఉండెను. వర్జీనియా రాష్ట్రములోని బీద కుటుంబమున పదునొకండుగురు సంతానములో అతడు పెద్దవాడు. 1951 జనవరిలో, డీపాల్ జట్టుతో జరుగబోవు ఆటలో మందముగా ఆడినచో వేయి డాలర్లు ఇత్తునని తన జట్టు పాత నాయకుడే అతనికి ఆశచూపెను. కెలాగ్ నేరుగా తన శిక్షకుని వద్దకు పోయి సంగతి చెప్పెను. పోలీసుల సూచనపై బేరమునకు ఒప్పుకొన్నట్లు నటించి నేరమును పట్టియిచ్చెను. తీగ లాగగా డొంకంతయు కదలినది.

ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి సిటీ కాలేజి ఫిలడెల్ఫియాలో టెంపుల్ జట్టుపై 95–71తో గెలిచి రైలెక్కినది. తెల్లవారకముందే, న్యూయార్కులో వార్నర్, రోమన్, రాత్ అను ముగ్గురిని పోలీసులు నిర్బంధించిరి. కొద్ది దినములకు లేన్ కూడ పట్టుబడెను. అతడు పుచ్చుకొన్న మూడు వేల డాలర్లలో 2,890 అతని గదిలోని పూలకుండీ మట్టిలో దొరకినవి. ఆ సొమ్ములో అతడు ఖర్చుపెట్టినది నూటపది డాలర్లు! పిమ్మట డాంబ్రట్, నార్మన్ మేజర్, హెర్బ్ కోహెన్‌ల వంతు వచ్చినది. జయించిన ఏటనే, టోర్నమెంటులకు ముందటి కొన్ని ఆటలలో కొందరు లంచము గైకొన్నట్లును విచారణలో వెల్లడియైనది. తెవులు విజయమునకు ముందే ప్రవేశించియుండెను. విజయము దానిని కప్పిపుచ్చినది.

ఇది ఒక్క నగరపు పాపమని తక్కినవారు తలచిరి. పందెములవారు తన పిల్లల దరికి రాలేరని కెంటకీ శిక్షకుడు అడాల్ఫ్ రప్ ధీమాగా పలికెను. 1951 అక్టోబరులో ఆయన పూర్వశిష్యులు ముగ్గురు పట్టుబడిరి; 1952–53 సీజనులో కెంటకీ జట్టు ఆడనేలేదు. బ్రాడ్లీ జట్టువారును ఈ ఉచ్చులో చిక్కిరి. మొత్తముపై ఏడు కళాశాలలకు చెందిన ముప్పదిమందికి పైగా ఆటగాండ్రు, 1947 మొదలు 1950 వరకు 86 ఆటలలో వేలుపెట్టినట్లు ప్రాసిక్యూటరు ఫ్రాంక్ హోగన్ లెక్క తేల్చెను.

1951 నవంబరులో న్యాయమూర్తి సాల్ స్ట్రైట్ తీర్పు చెప్పెను. సొలాజోకు ఎనిమిది మొదలు పదునారేండ్ల శిక్ష పడినది. సిటీ కాలేజి జట్టులో కారాగారమునకు పోయినవాడు వార్నర్ ఒక్కడు. అతనికి ఆరు నెలలు. తక్కినవారికి చెర తప్పినను, వృత్తి క్రీడాసంఘము తలుపులు శాశ్వతముగా మూతపడినవి. కొందరు ఆటగాండ్రు కళాశాలలో చేరుటకు చూపిన పాఠశాల మార్కుల పత్రములు దిద్దబడియుండెననియు తేలినది. ఆ దిద్దుట పిల్లల చేతిపని కాదు. శిక్షకుడు హోల్మన్‌ను 1952లో విద్యామండలి పని నుండి తాత్కాలికముగా నిలిపివేసినది. ఆయన నిర్దోషియని తేలి 1954లో మరల నియమింపబడెను. పదునెనిమిది వేల టిక్కెట్ల సొమ్ము ఆర్జించినవారిపై మాత్రము ఏ న్యాయస్థానమును విచారణ జరుపలేదు.

ఐనను ఆ యువకుల తప్పును పేదరికము మీదికి త్రోయుట న్యాయము కాదు. కెలాగ్ వారికంటె కలవాడు కాడు. అతని కంటబడిన వేయి డాలర్లు వారి కంటబడిన డాలర్లే. పెద్దలు తెరచిన సంత నిజము; ఆ సంతలో అమ్మనని చెప్పగల బాలుడు ఉండెననుటయు నిజమే. ఈ రెండింటిలో ఏ ఒక్కటి విడిచినను ఈ కథ అబద్ధమగును.

సిటీ కాలేజి పెద్ద పోటీల నుండి విరమించుకొని, క్రీడను చదువునకు లోబడిన చిన్న వ్యాసంగముగా మార్చుకొన్నది. రోమన్ మనస్తత్వశాస్త్రమున డాక్టరేటు పొందెను. లేన్ హార్లెము, బ్రాంక్సు ప్రాంతముల పిల్లలతో పనిచేసి, 1974లో సిటీ కాలేజి జట్టునకే శిక్షకుడుగా నియమింపబడెను. ఒకప్పుడు తన మూలమున తలవంచుకొన్న కళాశాల తన బిడ్డలను అతనికి అప్పగించినది. కెలాగ్ 1954లో కారు ప్రమాదమున నడువలేనివాడై, చక్రముల కుర్చీలపై ఆడువారి జట్టునకు శిక్షకుడయ్యెను.

మనము ఇంట కూర్చుండి రేడియోలో ఆటల ఫలితములు విందుము. ఆటగాండ్రను చూడము, అంకెలు మాత్రమే మన చెవిని బడును. ఆ అంకెల వెనుక ప్రతివాడును తన శక్తినంతయు వెచ్చించెనన్న నమ్మకమే మన ఆనందమునకు మూలము. సిటీ కాలేజి యువకులు 1951లో అమ్మినది నాలుగైదు పాయింట్లు కాదు, ఆ నమ్మకము. దానిని తిరిగి సంపాదించుటకు లేన్‌కు ఇరువది మూడేండ్లు పట్టినది.