జ్యాపట్టిక నుండి తరంగం దాకా



1930ల చివర్లో అమెరికాలో విలియం హ్యూలెట్ నిర్మించిన ఆడియో ఆసిలేటర్‌లో తరంగపు ఎత్తును నిలకడగా ఉంచినది ఒక చిన్న విద్యుద్దీపం. పౌనఃపున్యం మార్చాలంటే డయల్ తిప్పవలసినదే. నేటి మైక్రోకంట్రోలర్‌కు అంకెలు చాలు. మెమరీలోని సైన్ విలువల పట్టికను నియతకాలంలో అంగలు వేస్తూ చదివి, వోల్టేజిగా మారుస్తుంది. అంగ పెద్దదైతే పౌనఃపున్యం పెరుగుతుంది, చిన్నదైతే తగ్గుతుంది. ఈ పద్ధతిని 1971లో టియర్నీ, రేడర్, గోల్డ్ వివరించారు.

సైన్ అంటే మన జ్యయే. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు, 225తో మొదలయ్యే 24 జ్యాభేదాలను అక్షరసంఖ్యలుగా ఒక్క పద్యంలో నిక్షేపించాడు. ఆయన వెదకినది గ్రహగతులను, విద్యుత్తరంగాలను కాదు. కనుక యంత్రమూ మనదేననరాదు. అయితే ఛందస్సు వేరు, గణితం వేరు అనుకుంటూ జీవితమంతా పాఠాలు చెప్పిన నావంటి పండితుడు ఆ పద్యం ముందు తలవంచక తప్పదు.