కాటమరాజు కొయ్యసేన

మెదకు కోటలోని ఫిరంగిని చూచి మరలువారు, యుద్ధచరిత్ర యనగా రాతిగోడలును లోహపు గొట్టములును మాత్రమే యని తలంతురు; కాని ఆ కోటకు తూర్పున, చేర్యాలలో, నకాషీ చిత్రకారులు కొయ్యతో నొక సేననే నిర్మించిరి.

అది కాటమరాజు సేన. 13వ శతాబ్దమున నెల్లూరు మనుమసిద్ధి సీమలో పశువులను మేపి, పుల్లరి (మేతపన్ను) విషయమున వివాదపడి, ఆతని సేనాని ఖడ్గతిక్కనతో పోరాడిన యాదవవీరుల గాథను గొల్లలకు వినిపించు మందెచ్చులవారు, పటమునకు మారుగా ఈ బొమ్మలనే యెదుట నిలిపి కథ నడుపుదురు. తేలికయైన పొనికికొయ్యను చెక్కి, చింతగింజల జిగురున రంపపుపొట్టు కలిపిన ముద్దతో ముక్కును, మీసమును, తలపాగా మడతలను తీర్చి, ఎండిన పిదప తెల్లపూత పూసి రంగులద్దుదురు. సన్నని నల్లగీతతో కనుబొమ దిద్దినపుడు గాని ఆ కొయ్యకు కోపము రాదు!

ఆంగ్లరచయిత ఎచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను గ్రంథమున బొమ్మసైనికుల యుద్ధక్రీడకు నియమములు వ్రాసెను. అందు బొమ్మఫిరంగి గురి జయమును నిర్ణయించును. ఇచట ఫలితము శ్రోతకు ముందే తెలియును, ఐనను అతడు లేచిపోడు. నా దృష్టిలో ఈ రెండవదియే కష్టతరమైన విద్య.

కథ చెప్పించుకొనువారు తగ్గినకొలది ఈ సేనకు పని తగ్గినది. నకాషీవారు నేడు గోడకు తగిలించు ముఖములను, చిన్న పటములను చేసి జీవించుచున్నారు.