పై షడ్జం అందని బ్యూగిల్

1916 వేసవి. ఉత్తర ఫ్రాన్సులో ఎక్వావ్ర్ అనే పల్లె. పొద్దు వాలుతోంది. యుద్ధరంగం నుంచి క్షతగాత్రులను తీసుకురావడానికి అంబులెన్సు బండి ఏటవాలు గుట్ట ఎక్కుతోంది.

బండిలో ఉన్న సిపాయికి నలభై మూడేళ్ళు. భారీ మనిషి. పేరు రేఫ్ వాన్ విలియమ్స్. ఇంగ్లండులో అప్పటికే పేరున్న సంగీతకర్త. ఇంటిపట్టున ఉన్నా ఎవరూ ఏమీ అనని వయసు. తనంతట తానే సైన్యంలో చేరాడు. రాత్రి వెంట రాత్రి ఇదే దారి, ఇదే పని.

ఆ సాయంకాలాల్లో ఎక్కడో ఒక బ్యూగిల్ సిపాయి సాధన చేసేవాడు. బ్యూగిల్‌కు మీటలుండవు. పెదవుల బిగింపుతోనే స్వరం మారాలి. పై షడ్జం కోసం ఊదాడు. అందలేదు, నిషాదం దగ్గరే ఆగిపోయింది. అదీ మన కైశిక నిషాదం కంటే ఓ పిసరు కిందికే పలికింది.

వినేవాడి చెవి మామూలు చెవి కాదు. 1903 డిసెంబర్‌లో ఎసెక్స్‌లోని ఇన్‌గ్రేవ్ పల్లెలో ఓ ముసలి కూలీ పాడిన పాటతో పట్టుకున్న పిచ్చి అది. ఆ తర్వాత ఊళ్ళు పట్టి తిరిగి, ఎనిమిది వందలకు పైగా జానపదాలు రాసుకున్నాడు. ఆ పాటల పిచ్చే ఉన్న మిత్రుడు జార్జ్ బటర్‌వర్త్. పల్లె పాటల బాణీలతో ‘ద బ్యాంక్స్ ఆఫ్ గ్రీన్ విల్లో’ కూర్చినవాడు. అదే వేసవి, ఆగస్టు 5న, సోమ్ యుద్ధంలో పోజియెర్ దగ్గర తూటా తగిలి పోయాడు. 31 ఏళ్ళు. సమాధి కూడా లేదు, తియెప్వాల్ స్మారకం మీద పేరుంది, అంతే.

1922 జనవరి 26, లండన్ క్వీన్స్ హాల్. ఏడ్రియన్ బోల్ట్ నిర్వహణలో వాన్ విలియమ్స్ ‘పాస్టొరల్ సింఫొనీ’ తొలి ప్రదర్శన. చాలావరకు విలంబంలోనే సాగే సంగీతం. రెండో భాగంలో మిగతా వాద్యాలు తగ్గి, ఒక్క ట్రంపెట్ లేస్తుంది. మీటల సాయం లేని సహజ స్వరాలే పలకాలి, నిషాదం శ్రుతికి దిగువనే ఉండాలి. సిపాయి తప్పును సరిదిద్దకుండా అచ్చంగా నిలబెట్టాడు చూడండి, ఈ కృతి మొత్తంలో నన్ను పట్టేసేది అదే. చివరి భాగంలో సన్నని డ్రమ్ము మోత మీద, దూరం నుంచి, మాటల్లేని ఒక స్త్రీ గొంతు. ఎవరి కోసమో చెప్పదు.

పేరులోనే పల్లె ఉంది కదా, విన్నవాళ్ళకు ఇంగ్లండు పచ్చికబయళ్ళే కనిపించాయి. ఆయన సంగీతం గేటు మీదుగా తొంగిచూసే ఆవులా ఉంటుందని తోటి స్వరకర్త పీటర్ వార్లాక్ వెక్కిరించాడంటారు. వాన్ విలియమ్స్ మాత్రం వాదనకు దిగలేదు. ఇవి గొర్రెపిల్లల గంతులు కావనీ, నిజానికిది యుద్ధకాలపు సంగీతమనీ, ఎక్వావ్ర్ గుట్ట మీద సూర్యాస్తమయం చిత్రకారుడు కోరో గీసిన బొమ్మలా ఉండేదనీ రాసింది 1938లో. అదీ ఏ పత్రికకో కాదు, తర్వాత తన భార్య అయిన అర్సులాకు రాసిన సొంత ఉత్తరంలో.