ఖరగ్‌పూర్ తెలుగు బడి: శాసనం, సమాజం

పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళ బెంగాల్–నాగపూర్ రైల్వే మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌ను కూడలి స్టేషనుగా, పెద్ద కార్ఖానాకు నెలవుగా ఎంచుకున్నది. అక్కడి పనులకు నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుంచి తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. రైల్వే వారికి జీతమిచ్చింది, క్వార్టర్లు కట్టించింది. పిల్లలు ఏ భాషలో చదవాలన్న ప్రశ్న మాత్రం ఆ కుటుంబాలకే మిగిలింది.

సంఘటితం కావడం వారికి కొత్త కాదు. వి.వి.గిరి నాయకులలో ఒకరుగా ఉన్న రైల్వే కార్మికోద్యమానికి ఈ పట్టణం ముఖ్య కేంద్రం. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మె చేశారు. పట్టణంలోని ఆంధ్రా హైస్కూలు ఎవరి పిల్లలకోసం ఏర్పడిందో దాని పేరే చెబుతుంది.

1950 నాటి రాజ్యాంగం 30వ అధికరణం ద్వారా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1వ తేదీనే ఏడవ సవరణ అమలులోకి వచ్చి, 350-ఎ అధికరణాన్ని చేర్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సమకూర్చడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని దాని సారాంశం. మొదటిది హక్కు, రెండవది ప్రయత్నం. శాసనభాషలో 'ప్రయత్నం' ఎంత మెత్తని మాటో అధికారులకు వేరే చెప్పనక్కరలేదు.

అయినా సమాజం ఒక్కటే చేయలేని పనులున్నాయి. ఆంధ్రలో అచ్చయిన వాచకం తెలుగు నేర్పగలదు; పశ్చిమ బెంగాల్ పాఠ్యప్రణాళిక ప్రకారం చరిత్ర, భూగోళం తెలుగులో చెప్పాలంటే వేరే పుస్తకాలు కావాలి. విద్యార్థి చేతికి విలువగల సర్టిఫికెట్ రావాలంటే ప్రభుత్వ బోర్డు ఒప్పుకోవాలి. అక్కడి మాధ్యమిక్ పరీక్షలో ప్రథమ భాషగా తీసుకోదగిన భాషలలో తెలుగు కూడా ఉండడం చిన్న విషయం కాదు. ఎంత చందా వసూలు చేసినా ఆ గుర్తింపు దొరికేది కాదు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ఈ రెండు శక్తులను కలపజూసింది. పాఠశాల యాజమాన్య సంఘంలో మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలన్నది. సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించాలన్నది. 2012 సవరణ అల్పసంఖ్యాకుల సంస్థలలో ఆ సంఘాలకు సలహా పాత్ర మాత్రమే మిగిల్చింది. తల్లిదండ్రులకు ఇచ్చిన అధికారం, వారు స్వయంగా నిలబెట్టుకున్న బడులలోనే పలుచనైందన్నమాట!

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి ఇవ్వడానికి ఆమోదించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. అయితే అధికార భాష ప్రధానంగా కార్యాలయ వ్యవహారాలకు సంబంధించినది. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుని స్థానంలో మరొకరు రావాలంటే వేరొక దస్త్రం కదలాలి.