అతుకు కనపడని అల్లిక

పల్నాడు మగ్గాల మీద పాత పడుగు అయిపోవచ్చాక కొత్త పడుగు కొసల్ని ఒక్కో పోగుగా మెలిపెట్టి అతుకుతారు. నరసాపురం లేసుకూ అతుకే ఆయువుపట్టు. కాకపోతే అక్కడ అది బయటికి కనపడకూడదు.

1844లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే మిషనరీ దంపతులు నరసాపురం ప్రాంతంలో క్రైస్తవంలో చేరిన ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారని చెబుతారు. క్రమంగా అది పశ్చిమ గోదావరి ఇళ్ల అరుగుల మీదికి పాకింది.

అల్లుతుండగా దారం అయిపోతే కొత్తది అతకాలి. ఊలు కొసలైతే కాస్త తడి చేసి అరచేతుల మధ్య నలిపితే కలిసిపోతాయి. లేసు అల్లే నూలుకు ఆ గుణం లేదు. పోనీ ముడి వేద్దామా అంటే, తెల్లని లేసులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అందుకే పాత కొసను కింది వరస వెంట పరిచి, కొత్త దారంతో దాని మీదుగానే కుట్లు అల్లుకుపోతారు. చివర్న మిగిలిన కొసను సూదితో వెనకవైపు కుట్లలోంచి ఒకసారి అటు, ఒకసారి ఇటు దూర్చి కత్తిరిస్తారు. దిశ మారిస్తే ఉతికినా జారదు.

పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గా మలిచేది మరొకరు. ఆ రెండోదే అతుకు పని. ఎగుమతయ్యే సరుకు తయారుచేసినా, వీళ్లను తీరిక వేళ పనిచేసే గృహిణులుగానే లెక్కకట్టారని సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో తన పుస్తకంలో చూపించారు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో దక్కింది.