కాలిన నేల మీద బొమ్మల బజారు

2003 సంక్రాంతికి తెనాలి వచ్చినప్పుడు ఐదేళ్ళ మేనల్లుడి కోసం టోక్యో నుంచి ఒక పాత సూపర్ ఫామికామ్ పట్టుకొచ్చాను. అంటే నింటెండో వాళ్ళ వీడియోగేమ్ పెట్టె. “ముందు అన్నాలు తినండిరా” అని అక్క కేకలేస్తున్నా వినకుండా మామా అల్లుళ్ళం టీవీ ముందు చతికిలబడ్డాం. దాని ప్లగ్గు మన సాకెట్లో పట్టకపోతే బజారుకెళ్ళి వేరే పిన్ను తెచ్చి మరీ తగిలించాను. స్విచ్చి వేశాను. రెండు నిమిషాల్లో గదంతా కాలిన వాసన. జపాన్‌లో ఇళ్ళకొచ్చే కరెంటు 100 వోల్టులు, మనది 230. ఆ సంగతి నాకు తెలుసు, కానీ పండగ హడావిడిలో తట్టలేదు. “ఇంజనీరుట” అని మా బావ అన్న మాట నేను ఇంటికెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు.

ఆ మేనల్లుడే కిందటేడు టోక్యో వచ్చాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో సొంత డబ్బు, ఫోన్లో చాంతాడంత జాబితా. గుండాం బొమ్మలు, ఎవాంగెలియన్ బొమ్మలు, పాత గేములు. జాబితాలో అన్నిటికన్నా పైన సూపర్ ఫామికామ్. “నువ్వు కాల్చేసింది నేనే కొనుక్కుంటా మావయ్యా” అన్నాడు.

మేముండేది నిషికసాయిలో. 2000 ప్రాంతంలో కంప్యూటర్ల తేదీల గొడవ సర్దడానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది ఆ పేటలోనే స్థిరపడ్డారు, ఆఫీసులకు తోజాయ్ లైను రైలు నేరుగా వెళ్తుందని. అదే రైలెక్కి కయబాచోలో హిబియా లైనుకు మారితే అకిహబర. స్టేషన్ బయటకు రాగానే వాడు తలెత్తి, మేడల నిండా పరిచిన రంగురంగుల బొమ్మల వంక చూస్తూ ఉండిపోయాడు. “ఈ ఊరికి పేరు అగ్నిప్రమాదం వల్ల వచ్చిందిరా” అని నేను మొదలుపెట్టాను. వాడు ఊఁ కొట్టాడుగాని చెవిన పెట్టలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

1869 చివర్లో ఇక్కడ పెద్ద మంటలు లేచి వెయ్యికి పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. ఎడో అన్న పాత పేరు పోయి టోక్యో అన్న కొత్త పేరు వచ్చి అప్పటికి ఏడాదే. కొయ్య ఇళ్ళ నగరం కదా, ఒక ఇల్లు అంటుకుంటే వీధి వీధంతా పోయేది. మంట మళ్ళీ అటునుంచి ఇటు పాకకుండా మీజీ చక్రవర్తి ప్రభుత్వం ఆ కాలిన జాగాను ఖాళీగా వదిలేసి, మరుసటేడు నిప్పు చల్లారాలని ఒక గుడి కట్టింది. నిప్పు నుంచి కాపాడే దేవుడంటే జనానికి తెలిసిన పేరు ఆకిబా. ఆ గుడి ఆయనదే అనుకున్నారు. ఆకిబా మైదానం అనడం మొదలైంది, అది అరిగి అకిహబర అయింది. రైలు వేయడానికి 1888లో గుడిని వేరేచోటికి తరలించారు. 1890లో సరుకుల స్టేషన్ తెరిచారు. దేవుడు వెళ్ళిపోయినా పేరు మిగిలింది. కుర్రకారు ఇప్పటికీ ఈ పేటను ఆకిబా అనే పిలుస్తారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పేటకు వస్తూ పోతూ నాకు అర్థమైందొకటి. ఏ కాలంలో జనానికి ఏది కరువైతే ఈ పేట అదే అమ్మింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కరువు కానిదేముంది! అయినా జనం రేడియో కోసం కొట్టుకున్నారు. టోక్యో నేలమట్టమైంది, దేశం పరాయి సైన్యం చేతిలో ఉంది, రేపేమవుతుందో చెప్పేది ఆ పెట్టె ఒక్కటే. కొత్త రేడియో కొనే స్తోమత ఎవరికీ లేదు. దగ్గర్లోని కాందాలో ఒక ఎలక్ట్రికల్ కాలేజీ ఉండేది. అక్కడి విద్యార్థులు సైన్యం నుంచి బయటపడ్డ వాక్యూమ్ ట్యూబులూ తీగలూ కొని, రేడియోలు బిగించి అమ్మేవారు. వాళ్ళకు విడిభాగాలు అమ్మడానికి రోడ్డు పక్కన తట్టలూ బల్లలూ వెలిశాయి. 1949లో రోడ్డు మీది అంగళ్ళన్నీ తీసేయమని ఆక్రమణ సైన్యం ఆజ్ఞ ఇస్తే, ఆ అంగళ్ళవాళ్ళంతా కలిసి అడిగి అడిగి రైలు వంతెన కింద చోటు సంపాదించారు.

ఆ చోటు ఇప్పటికీ ఉంది. రేడియో సెంటర్ అంటారు. మేనల్లుడిని ముందు అక్కడికే తీసుకెళ్ళాను. ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాల్సినంత సందు. అటూ ఇటూ మన కిళ్ళీకొట్టంత కొట్లు. ఒక్కో కొట్లో వందలాది చిన్న అరలు, అరకొక రకం స్క్రూ, అరకొక రకం బల్బు. మధ్యలో ఒక పెద్దాయన, చుట్టూ సరుకు, లేచి నిలబడే జాగా కూడా లేదు. పాత వీడియో సిగ్నల్‌ను కొత్త టీవీకి పనికొచ్చేలా మార్చే డబ్బీ కావాలని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, ఎందుకన్నాడు. సూపర్ ఫామికామ్‌కన్నాను. వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి ఒక అరలోంచి తీసి ఇచ్చాడు. పైన రైలు వెళ్తుంటే అరలన్నీ సన్నగా గలగలలాడాయి.

రేడియో కరువు తీరాక 1950ల చివర్లో నలుపు తెలుపు టీవీ, బట్టలుతికే యంత్రం, ఫ్రిజ్ వచ్చాయి. ఇక్కడి చక్రవర్తులకు వంశపారంపర్యంగా వచ్చే అద్దం, ఖడ్గం, మణి అనే మూడు పవిత్ర వస్తువులున్నాయి. జనం ఈ మూడు యంత్రాలకూ సరదాగా అదే పేరు పెట్టారు, మూడు దివ్యనిధులని. 1959లో యువరాజు పెళ్ళి ఊరేగింపు చూడటానికే లక్షల ఇళ్ళు టీవీ కొన్నాయి. ఆ కాలంలో జీతం చేతిలో పడ్డ మనిషి నడిచొచ్చిన దారి ఇదే. తర్వాత శివార్లలో కార్లు నిలుపుకునే పెద్ద దుకాణాలు లేచి ఆ బేరం ఎగరేసుకుపోతే, ఈ పేట కంప్యూటర్లకు మళ్ళింది. 1995 నవంబరు 23 అర్ధరాత్రి విండోస్ 95 కోసం ఇక్కడ జనం తిరునాళ్ళలా కమ్ముకున్నారు. అదే ఏడు అక్టోబరులో టీవీలో ఎవాంగెలియన్ కార్టూన్ మొదలైంది. కంప్యూటర్లు కొనడానికి వచ్చే ఆ కుర్రాళ్ళకే బొమ్మలంటే కూడా పిచ్చి అని వ్యాపారులకు తెలిసింది. ఒసాకాలో పుట్టిన కైయోదో అనే బొమ్మల కంపెనీ 1990ల చివర్లో స్టేషన్ ఎదుటి రేడియో కైకన్ భవనంలో దుకాణం పెట్టింది. ఆ వెనకే ఒక్కొక్కరూ వచ్చారు. రేడియో అన్న పేరు భవనానికి అలాగే ఉంది. 2014లో కొత్తగా కట్టినా మార్చలేదు. లోపల చూద్దామంటే ఒక్క రేడియో లేదు.

మరి ఇప్పుడు ఏం కరువైందని బొమ్మలు అమ్ముతున్నారు? పిల్లలు తగ్గిపోతున్న దేశంలో బొమ్మల కొట్లలో తిరిగేది నలభై, యాభై ఏళ్ళవాళ్ళు. నాకైతే ఇక్కడ అమ్ముతున్నది చిన్నతనమే అనిపిస్తుంది. ఎవరిదైతేనేం.

బొమ్మలతో బతకడం ఈ దేశానికి కొత్త కాదు. 1938లో యుద్ధావసరాల కోసం బొమ్మలకు లోహం వాడకూడదని ఆంక్ష పెట్టారు. 1945 ఆగస్టులో లొంగిపోయారు. అదే ఏడు డిసెంబరులో, బివా సరస్సు ఒడ్డునున్న ఒట్సు ఊళ్ళో కొసుగే మత్సుజో అనే ఆయన అమెరికా సైన్యం పారేసిన డబ్బాల రేకు కత్తిరించి, ఆ సైన్యం తిరిగే జీపునే బొమ్మగా చేశాడు. క్యోటోలోని ఒక పెద్ద దుకాణంలో 10 యెన్లకు పెడితే జనం బారులు తీరి కొన్నారు. గెలిచినవాడు తిని పారేసిన డబ్బా, గెలిచినవాడి బండి, ఓడినవాడి పిల్లాడి చేతిలో. 1947లో ఎగుమతులకు అనుమతి వచ్చాక రేకు బొమ్మలు అమెరికాకు ఓడలెక్కాయి. వాటి అడుగున ‘ఆక్రమిత జపాన్‌లో తయారైంది’ అని ముద్ర. ఇప్పుడు ఆ ముద్ర ఉన్న బొమ్మకు సేకరించేవాళ్ళు ఎక్కువ ధర పెడతారు.

కార్టూన్లకూ బొమ్మలకూ లంకె ఎలా పడిందన్నది 1963 నుంచి చెప్పాలి. ఆ ఏడు జనవరి 1న బొమ్మల కథల రచయిత తెజుకా ఒసాము తీసిన ‘తెత్సువాన్ ఆతోము’ అనే కార్టూన్ టీవీలో మొదలైంది. ఇతర దేశాల్లో ఆస్ట్రో బాయ్ అంటారు. వారం వారం అరగంట బొమ్మల సినిమా తీయడం అంటే తలకు మించిన ఖర్చు. టీవీవాళ్ళిచ్చే డబ్బు దానికి చాలదు. చాక్లెట్ కంపెనీ ప్రాయోజకత్వం, చాక్లెట్‌తో వచ్చే ఆతోము స్టిక్కర్లు, బొమ్మల మీద హక్కుల సొమ్ము ఆ లోటు పూడ్చాయి. అప్పట్నుంచి లెక్క అదే. సినిమా బొమ్మను అమ్మిపెడుతుంది, బొమ్మ సినిమాను పోషిస్తుంది. 1979లో మొదలైన గుండాం అనే టీవీ కార్టూన్‌కు చూసేవాళ్ళు చాలక 43 భాగాలకే ముగించేశారు. మరుసటేడు జూలైలో బందాయ్ కంపెనీ దాని ప్లాస్టిక్ కిట్‌ను 300 యెన్లకు తెస్తే దేశంలోని మగపిల్లలంతా కొట్ల ముందు తెల్లారేవరకూ కాపు కాశారు. చచ్చిన కథను బొమ్మ బతికించింది.

ఇక గచపోన్ యంత్రాలు. నాణెం వేసి పిడి తిప్పితే గుడ్డులాంటి డబ్బీ పడుతుంది. 1965లో అమెరికా నుంచి వచ్చినప్పుడు పిడి తిప్పడానికి 10 యెన్లు. ఇప్పుడు 300, 500. గచ అనేది పిడి చప్పుడు, పోన్ అనేది డబ్బీ పడిన చప్పుడు. లోపల ఏం వస్తుందో తెలియదు. మా వాడు ఒకే యంత్రం దగ్గర ఏడుసార్లు తిప్పాడు. నాలుగుసార్లు అదే పిల్లి.

పాత సరుకు కోసం నకానో బ్రాడ్‌వేకు కూడా వెళ్ళాం. 1966లో పైన ఖరీదైన ఫ్లాట్లు, కింద దుకాణాలుగా కట్టిన భవనం అది. 1980లో ఫురుకావా మసుజో అనే మాంగా (అంటే జపాన్ బొమ్మల కథల) చిత్రకారుడు అక్కడ పాత మాంగా పుస్తకాల కొట్టు పెట్టుకున్నాడు. అదే పెరిగి పెరిగి మందరాకె అనే పాత సరుకు దుకాణాల సంస్థ అయింది. అక్కడి బేరం చూస్తే మన కోఠీ పాత పుస్తకాల బజారు గుర్తొస్తుందని చెప్పలేను. బేరమాడటమే ఉండదు కాబట్టి. గాజు అల్మరాకు తాళం. అడిగితే అమ్మాయి తాళం తీసి, గుడ్డ పరిచి, బొమ్మను దాని మీద పెట్టి, కాలి మడమ దగ్గర సన్నటి గీత ఒకటి మనకు వేలుపెట్టి చూపించి, “ఇది ఉంది, ఫర్వాలేదా?” అని అడుగుతుంది. దాచిపెట్టి అమ్మడం సంగతి అటుంచి, మనం చూడనిది కూడా ఆవిడే చూపిస్తుంది. చీటీల మీద మాటలు నాలుగైదు నేర్చుకుంటే చాలు. మికైఫు అంటే విప్పనిది. హకో ఇతామి అంటే పెట్టె దెబ్బతింది. జంకు అని ఉంటే మాత్రం నిజంగానే జంకాలి. పనిచేస్తుందో లేదో చూడలేదనీ, తిరిగి తీసుకోరనీ దానర్థం.

ఈ పాత సరుకు వ్యాపారం వెనక చట్టాలున్నాయి. రోడ్డు అంగళ్ళు తీసేసిన ఆ 1949లోనే పాత వస్తువుల చట్టం వచ్చింది. దొంగసొత్తు మారకుండా, అమ్మేవాడు ఎవరో కొట్టువాడు రాసిపెట్టుకోవాలి. నేనొకసారి అటకెక్కిన గేములు అమ్మబోతే పేరు, చిరునామా, వయసు, వృత్తి రాయించుకుని గుర్తింపు కార్డు చూసి మరీ 800 యెన్లు చేతిలో పెట్టారు. ఇంకో తగువు గేముల కంపెనీలది. పాత గేములు మళ్ళీ అమ్మితే మాకేమీ రాదు, కాబట్టి అమ్మకూడదని అవి కోర్టుకెక్కాయి. 2002 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు కుదరదంది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి పంపిణీ మీద మీ హక్కు తీరిపోయిందని. ఆ తీర్పు అటువైపు పోయుంటే మా వాడు తిరిగిన కొట్లలో సగం ఉండేవి కావు.

పన్ను సంగతి ఒకటి చెప్పాలి, వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. ఇక్కడ వినియోగ పన్ను 10 శాతం. యాత్రికులు ఒకే కొట్లో ఒకే రోజు, పన్ను కాకుండా, కనీసం 5,000 యెన్ల సరుకు కొని పాస్‌పోర్టు చూపిస్తే అక్కడికక్కడే ఆ పన్ను మినహాయించేవారు. 2026 నవంబరు 1 నుంచి ముందు పన్ను కట్టి, వెళ్ళేటప్పుడు కస్టమ్స్ దగ్గర చూపించి వెనక్కి తీసుకునే పద్ధతి. ఇక్కడే కాపురముండే నాబోటివాళ్ళకు రెండూ వర్తించవు. మేనల్లుడికి కొనిపెడదామని దర్జాగా నా కార్డు తీశాను. కౌంటరు కుర్రాడు రెండు చేతులతో అందుకుని, పాస్‌పోర్టు మీది పేరూ కార్డు మీది పేరూ చూసి, అంతకన్నా వినయంగా తిరిగి ఇచ్చేశాడు. పేర్లు ఒకటే కావాలిట. మావాడు నన్ను చూసి నవ్వి తన కార్డు తీశాడు.

సూపర్ ఫామికామ్ దొరికింది. 1990లో కొత్తది 25,000 యెన్లు. పసుపు తిరిగిన ఈ బూడిదరంగు పెట్టె ధర అందులో పావు వంతు కూడా లేదు. దాంతోపాటు 1991 నాటి జెల్డా గేము ఒకటి, పెట్టె లేదు, ఉత్త కాసెట్టే. వెనక్కి తిప్పితే నల్ల మార్కరుతో, పిల్లల వంకర హిరగానా అక్షరాల్లో ‘కెంత’ అని రాసుంది. అప్పట్లో పిల్లలు గేములు మార్చుకునేవారు కదా, పోకుండా పేరు రాసుకునేవారు. పేరుంది కాబట్టి 200 యెన్లు తగ్గించారు.

రాత్రి ఇంటికొచ్చి రేడియో సెంటర్ డబ్బీతో టీవీకి కలిపాం. ఈసారి 100 వోల్టులే. పాట మొదలైంది. ఆట దాచుకునేందుకు ఆ కాసెట్లో మూడు గళ్ళుంటాయి, లోపల బిళ్ళంత బ్యాటరీ వాటిని నిలబెడుతుంది. ముప్ఫై ఏళ్ళు దాటాయి కాబట్టి అది ఎప్పుడో చచ్చిపోయుంటుందనుకున్నాను. మూడు గళ్ళూ నిండే ఉన్నాయి. మొదటిది కెంత. రెండోది కెంత. మూడోది ‘పాపా’. అంటే నాన్న. దానిలో మూడే మూడు గుండెకాయలు. ఆట మొదలుపెట్టినవాడికి మొదట ఇచ్చేవి అవే. ఆయన ఎక్కువ దూరం పోలేదు.

కొత్త ఆట మొదలుపెట్టాలంటే ఏదో ఒకటి చెరపాలి. మేనల్లుడు కంట్రోలర్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు.

“ఏది తీసెయ్యమంటావు మావయ్యా?”

అన్నం చల్లారిపోతోందని వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. ఈసారి లేచి వెళ్ళాం.